కౌమారము - వ్యక్తిత్వము

బాలుడు పదుమూడవ యేట నడుగుపెట్టిన పిమ్మట వాని శరీరమున త్వరితముగ మార్పులు గలుగును. కంఠస్వరము మారును. నిరుడు కుట్టించిన చొక్కా ఈ యేడు పట్టదు. ఈ మార్పులను ఇంటివారందరును గమనింతురు. అదే కాలమున మనస్సునందు జరుగు మార్పు మాత్రము పైకి కానరాదు. అంతవరకు తల్లిదండ్రుల మాటయే తన మాటగా పెరిగిన బిడ్డ, బాలుడైనను బాలికయైనను, ఒకనాడు "నేనెవరు? నలుగురిలో నా స్థానమేది?" అని తన్ను తాను ప్రశ్నించుకొనును. ఈ ప్రశ్నకు ఉత్తరమెట్లు లభించునో విచారింతము.

అమెరికా దేశీయుడగు స్టాన్లీ హాల్ 1904వ సంవత్సరమున కౌమారమును గూర్చి రెండు సంపుటముల గ్రంథమును ప్రకటించి, ఈ దశ తుపాను వంటిదని చెప్పెను. ఆ తుపాను అందరకును ఒకే తీరున రాదనియు, పెక్కుమంది పెద్ద కల్లోలము లేకయే ఈ దశను దాటుదురనియు తరువాతి పరిశోధకులు తెలిపిరి. కావున మనస్సు కలత చెందినవాడు తానొక్కడే చెడిపోయితినని క్రుంగ నక్కరలేదు. కలత లేనివాడు తనకేదియో లోపమున్నదని శంకింప నక్కరలేదు.

కనబడని ప్రేక్షకులు

ఈ వయస్సున ముఖ్యమైన బాధ సిగ్గు. తరగతిలో లేచి చదువునపుడు ఒక్క మాట తప్పినచో, ఆ దినమంతయు అందరును తన్ను గూర్చియే నవ్వుకొనుచున్నట్లు తోచును. 1967వ సంవత్సరమున డేవిడ్ ఎల్కిండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ స్థితిని వర్ణించుచు, కౌమారమందున్నవారు ఊహాప్రేక్షకుల యెదుట జీవింతురనెను. తాను నాటకరంగముపై నున్నట్లును, లోకమంతయు తన్నే చూచుచున్నట్లును వారికి తోచును. నిజమునకు ఆ ప్రేక్షకులలో ప్రతివాడును తన నాటకమందే మునిగియుండును.

2000వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధన ఈ సంగతిని చక్కగా చూపినది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున కొందరు విద్యార్థులకు, ధరించుటకు సిగ్గుగొలుపు బొమ్మగల చొక్కాలను తొడిగి, తోటివారు కూర్చున్న గదిలోనికి పంపిరి. చొక్కా తొడిగినవారు తమ బొమ్మను దాదాపు సగముమంది గమనించియుందురని తలచిరి. విచారింపగా గమనించినవారు నాలుగవవంతు మాత్రమే. మన తప్పులను లోకము మన మనుకొనునంత శ్రద్ధగా చూచుట లేదు.

పేరు లేని బాలుడు

"నేనెవరు" అను ప్రశ్నను జీవితమంతయు పరిశీలించిన పండితుడు ఎరిక్ ఎరిక్సన్. ఈయన 1902వ సంవత్సరమున జర్మనీలో జన్మించెను. కన్నతండ్రి యెవరో ఈయనకు జీవితాంతమువరకు తెలియలేదు. మారుతండ్రి యూదుడు. పాఠశాలలోని పిల్లలు ఈయనను యూదుడని గేలిచేసిరి. యూదుల ప్రార్థనాలయమందలి పిల్లలు ఈయన పచ్చని వెండ్రుకలను నీలి కన్నులను జూచి పరాయివాడనిరి. ఈయన చదువు ముగించి, చిత్రకారుడు కాగోరి కొన్ని యేండ్లు దేశములు తిరిగి, వియన్నాలో పిల్లలకు పాఠములు చెప్పుచు మనశ్శాస్త్రము నభ్యసించెను. పిదప అమెరికాకు బోయి, 1939లో ఆ దేశపు పౌరుడైనపుడు ఎరిక్సన్ అను ఇంటిపేరును తానే స్వీకరించెను. ఆ పేరునకు ఎరిక్ కుమారుడని యర్థము.

1950లో ఈయన ప్రకటించిన గ్రంథమునందు మానవజీవితమును ఎనిమిది దశలుగా విభజించి, అయిదవదగు కౌమారమునందలి ముఖ్యకార్యము తన్ను తాను గుర్తెరుంగుటయని చెప్పెను. ఈ కార్యము కొరకు కొంతకాలము వెదకుట, తడబడుట దోషము కాదని ఈయన యభిప్రాయము. యౌవనమున తానట్లే తడబడిన వాడు గదా!

రాజకోటలోని యుత్తరము

ఈ ఎరిక్సన్ 1969లో మహాత్మా గాంధీని గూర్చి యొక గ్రంథము వ్రాసెను. గాంధీజీ తన ఆత్మకథలో బాల్యమును దాపరికము లేక చెప్పెను. రాజకోటలో చదువుకొనుకాలమున ఆయన మిక్కిలి సిగ్గరి. ఎవరైనను పరిహసింతురేమో యను భయమున బడి విడిచినతోడనే ఇంటికి పరుగెత్తెడివాడు. ఊహాప్రేక్షకులు ఆయనను సైతము విడువలేదు!

పదునైదేండ్ల ప్రాయమున ఆయన యొక తప్పు చేసెను. అన్నగారు చేసిన యిరువదియైదు రూపాయల యప్పును తీర్చుటకు, ఆ యన్నగారి బంగారు కడియమునుండి కొంత ముక్కను తీయించెను. అప్పు తీరెను గాని మనస్సు నిలువలేదు. నోట చెప్పుటకు ధైర్యము చాలక, కాగితముపై తన దోషమును వ్రాసి, తగిన శిక్ష విధింపుమని కోరి, ఇక దొంగతనము చేయనని ప్రతిజ్ఞచేసి, మంచము పట్టియున్న తండ్రిచేతికి నిచ్చెను. తండ్రి దానిని చదివెను. కన్నీరు కాగితముపై బడెను. క్షణకాలము కన్నులు మూసికొని, ఆ కాగితమును చింపివేసెను.

ఈ కథయందు విచారింపదగిన దేమనగా, నాడు గాంధీజీ ఊహాప్రేక్షకులను విడిచి, నిజమైన యొక్క మనుష్యుని యెదుట నిలిచెను. లోపలివాడును పైకి కనబడువాడును ఒక్కడే యైన క్షణమది. వ్యక్తిత్వమను మాటకు నాకు తెలిసిన యర్థమిదియే.

నా సంగతి

ఎనిమిదవ తరగతిలో గణితమున తక్కువ మార్కులు వచ్చినపుడు, ప్రోగ్రెస్ కార్డుపై మా నాయనగారి సంతకమును నేనే చేసితిని. ఎవరును కనిపెట్టలేదు. నాయనగారు "నీ కార్డు ఇంకను ఇయ్యలేదా?" యని యడుగగా, లేదంటిని. వారు నమ్మిరి. ఆ నమ్మకమే నన్ను పెక్కు సంవత్సరములు బాధించినది. చెప్పుటకు ధైర్యము వచ్చునప్పటికి వారు లేరు. నేడు నా తరగతిలో కార్డులపై సంతకములు చూచునపుడెల్ల ఆ దినము జ్ఞప్తికి వచ్చును.

ఏమి చేయవలెను?

విద్యార్థులారా! ఆలోచనను, నిగ్రహమును నడపు మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటిన పిమ్మటను పరిణతి చెందుచుండునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కావున పదునాలుగవయేట మీరు మిమ్ము గూర్చి వ్రాసికొను తీర్పు తుదితీర్పు కాదు. తోటివారు పెట్టిన యెగతాళి పేరును, పెద్దలు తొందరపడి పెట్టిన "పనికిరానివాడు" అను పేరును మీవిగా స్వీకరింపకుడు.

రెండవది, ఒక పనిని చేపట్టి ముగింపుడు. తమ్మునికి ఎక్కములు నేర్పుట యైనను, పాఠశాల తోటలో నొక మడిని పెంచుట యైనను సరియే. తానెవరో కూర్చుండి యాలోచించుటచే కొంత తెలియును. చేసి చూచుటచే మిక్కిలి తెలియును.

మూడవది, తప్పు చేసినచో దానిని విశ్వాసపాత్రుడగు నొక పెద్దకు త్వరలోనే చెప్పుడు. నోరు రానిచో కాగితముపై వ్రాసి యిండు. చెప్పిన పిమ్మట కలుగు సిగ్గు ఒక దినముది; దాచిన పిమ్మట కలుగు సిగ్గు దీర్ఘకాలముది. వినవలసినవారు ఇంట నుండగనే చెప్పుడు.