మేస్త్రి చెయ్యి, మాన్యువల్ పేజీ

ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు ముగించి లారీ షెడ్డులో చేరిన కుర్రాడికి చక్రం బిగించే దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. నట్టును టార్క్ రెంచ్‌తో లెక్క ప్రకారం బిగించాలని మాస్టారు నేర్పారు. ఇక్కడ మేస్త్రి పానాకు పొడవాటి పైపు తగిలించి, దాని మీదెక్కి ఒక్క ఊపు ఊపి "చాల్లే, పోనీ" అంటాడు. ముప్ఫై ఏళ్లుగా అలాగే బిగిస్తున్నాడు, చక్రాలేమీ ఊడలేదు. మరి ఎవరి మాట వినాలి?

"రెండూ ముఖ్యమే" అనే జవాబు పరీక్షలో మార్కులు తెస్తుందేమో గానీ షెడ్డులో పనికిరాదు. ఏ పనికి పుస్తకం తెరవాలో, ఏ పనికి మేస్త్రి పక్కన నిలబడాలో విడివిడిగా తెలియాలి.

చక్రం సంగతే చూద్దాం. పది బోల్టుల భారీ చక్రానికి నట్టు బిగింపు చాలా మోడళ్లలో 600 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లోనే చూసుకోవాలి. పైపు మీద ఎగిరితే అది దాటిపోయి బోల్టు సాగుతుంది. సాగిన బోల్టు ఆ రోజే తెగదు. ఎప్పుడో లోడుతో ఘాట్ దిగుతుంటే తెగుతుంది. ఆ బండి మళ్లీ అదే షెడ్డుకు వచ్చి "నువ్వు బిగించిందే" అని చెప్పదు కాబట్టి, మేస్త్రి లెక్కలో చక్రాలు ఊడనట్టే. అదే మేస్త్రి, బండి చుట్టూ ఒక్క తిరుగు తిరిగి, నట్టు పక్కన సన్నగా కారిన తుప్పు చార చూసి "ఇది వదులైంది" అని పట్టేస్తాడు. హబ్ దగ్గర చెయ్యి ఆనించి పక్కదానికన్నా ఎక్కువ కాలుతోందంటే బేరింగ్ సంగతి చూడమంటాడు. బండి కాస్త వంకరగా నడుస్తోందంటే కమాన్‌కట్ట సెంటర్ బోల్టు వైపు వంగి చూస్తాడు. పుస్తకంలో ఇదంతా "తనిఖీ చేయాలి" అనే ఒక్క ముక్కలో ఉంటుంది. ఆ చూపు రావాలంటే ఆయన వెనకాల తిరగాల్సిందే.

అనుభవంతో ఇంకో పేచీ ఉంది. అది ఏ కాలపు బండి మీద వచ్చిందో ఆ కాలానికే చెల్లుతుంది. పాత ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంటే మేస్త్రీలు ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసేవారు. ఏది వదులు చేసినప్పుడు శబ్దం మారలేదో లోపం ఆ సిలిండర్‌లోనే. చక్కని ఉపాయం. ఆ ఇంజిన్లలో నాజిల్ తెరుచుకునే ఒత్తిడి 200 బార్ల చిల్లర. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఒత్తిడి 1,600 బార్లు దాటుతుంది. అక్కడ నట్టు వదిలితే చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరుతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది గానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో పోవచ్చు. స్ప్రింగ్ బ్రేక్ చాంబర్ విప్పడం, క్యాబిన్ ఎత్తి కింద పనిచేయడం కూడా ఇలాంటివే. చాంబర్‌లో నొక్కిపట్టి ఉన్న స్ప్రింగును బోల్టుతో బంధించకుండా విప్పితే ప్రాణమే పోవచ్చు. ఈ మూడింటి దగ్గర ఎంత పెద్ద మేస్త్రి చెప్పినా పుస్తకం దాటొద్దు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఇలాంటివి ఎక్కువయ్యాయి. ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది జిగట చెప్పగల మేస్త్రీలున్నారు. కానీ అది కాలాక ఎంత బూడిద మిగులుస్తుందో ఏ వేలికీ తెలియదు. ఆ బూడిద పొగ గొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్‌లో చేరి ఇక కాలదు, పోదు. అందుకే డబ్బా మీది గ్రేడు మాన్యువల్‌తో సరిపోవాలి. పొగను శుద్ధి చేయడానికి పోసే డెఫ్ ద్రావణంలో 32.5 శాతం యూరియానే కదా అని పొలంలో చల్లే యూరియా కలిపి పోసే ఘనులూ ఉన్నారు. ఎరువులోని మలినాలు కెటలిస్ట్‌ను పాడుచేస్తాయి. మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు బిల్లవుతుంది. బ్రేకు అందకపోతే స్లాక్ అడ్జస్టర్ తిప్పడం కూడా పాత అలవాటే. తనంతట తానే సర్దుకునే రకాన్ని చేత్తో మళ్లీ మళ్లీ తిప్పుతున్నామంటే అసలు లోపాన్ని కప్పిపెడుతున్నట్టే.

ఇంతా చెప్పాక మాన్యువల్‌ను వేదంలా చూడమంటున్నానని అనుకోవద్దు. చాలామంది సర్వీసు పట్టికలో కిలోమీటర్ల వరుస ఒక్కటే చూసి పేజీ మూసేస్తారు. పక్కనే కఠిన వాడకానికి వేరే వరుస ఉంటుంది: దుమ్ము, అధిక లోడు, గంటల కొద్దీ ఐడిలింగ్. చీమకుర్తి గ్రానైట్ క్వారీలోనో, సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లోనో తిరిగే టిప్పర్ రోజుకు నడిచే కిలోమీటర్లు కొన్నే, ఇంజిన్ తిరిగే గంటలు మాత్రం బోలెడు. హైవే ట్రైలర్ వరుసను దానికి పెడితే ఇంజిన్ త్వరగా అరిగిపోతుంది. ఈ బండి ఏ వరుసలోకి వస్తుందో చెప్పాల్సింది మెకానిక్కే. స్కానర్‌లో వచ్చే కోడ్ కూడా అంతే. అది సర్క్యూట్‌లో తేడాను చెబుతుంది, పాడైన భాగాన్ని చెప్పదు. కోడ్ చూసి సెన్సర్ మార్చేసి డబ్బు తగలేసేవాళ్లు కొందరు. ముందు బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ చూసి, చాసిస్‌కు ఒరుసుకుని చిట్లిన వైరు కోసం తడిమేవాళ్లు ఇంకొందరు. ఏది ముందు చూడాలో ఆ క్రమం మాన్యువల్‌లోనే ఉంటుంది. వైరు ఎక్కడ ఒరుసుకుంటుందో మాత్రం బండ్ల కింద పడుకున్నవాడికి తెలుస్తుంది.

ఇక ఈ రెండూ నేర్చుకునే దారుల సంగతి. పదో తరగతితో ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమా చేసినవారు సూపర్‌వైజర్ మెట్టు నుంచి మొదలుపెట్టొచ్చు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ వదులుకోవద్దు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ ఐటీఐ అభ్యర్థుల్ని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంటాయి, నోటిఫికేషన్లు చూస్తుండండి. నన్నడిగితే మొదట డిపోలోనో కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో చేరి పద్ధతి, జాబ్ కార్డు, స్కానర్ అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్ లాంటి చోట కొంతకాలం పనిచేయాలి. సర్వీస్ సెంటర్‌లో చాలాసార్లు భాగాన్ని మొత్తంగా మార్చేస్తారు. ఆటోనగర్‌లో దాన్నే విప్పి, లేత్ ఎక్కించి, మళ్లీ పనిచేయిస్తారు. ఎందుకు పాడైందో అక్కడ కంటితో చూడొచ్చు.

మాన్యువల్ ఇంగ్లిష్‌లో ఉంటుందని తెలుగు మీడియం పిల్లలు వెనకాడతారు. మొదట పట్టికలు, బొమ్మలు, హెచ్చరిక గుర్తున్న వాక్యాలు చదవండి. వాడే మాటలు కొన్నే, పదేపదే వస్తాయి. డ్రైవర్‌కిచ్చే పుస్తకం వేరు, వర్క్‌షాప్ మాన్యువల్ వేరు. దిద్దుబాట్లతో కంపెనీ మధ్యమధ్యలో పంపే సర్వీస్ సర్క్యులర్లు ఇంకా వేరు. ఈ మూడూ అడిగి చూడండి. ఒక నోటుబుక్ పెట్టుకుని బండి మోడల్, డ్రైవర్ చెప్పిన ఫిర్యాదు, వచ్చిన కోడ్, చివరికి దొరికిన లోపం, చూసిన పేజీ నంబరు రాసుకోండి. మేస్త్రి పుస్తకానికి భిన్నంగా చేశాడంటే ఎందుకో అడిగి అదీ రాయండి. పనిలో ఉండగా అడగొద్దు, చిరాకు పడతాడు. టీ తాగేటప్పుడు అడగండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు ఆ నోటుబుక్కునూ తీసుకెళ్లండి. వర్క్‌షాప్ నడిపిన మనిషి ఎదురుగా కూర్చుంటే ముందు దాన్నే తిరగేస్తాడు.