అంతరిక్ష చదరంగం

రథ, గజ, తురగ, పదాతులనే చతురంగ బలాల పేరిట భారతదేశంలో పుట్టిన చదరంగం దేశదేశాలు తిరిగి నేటి రూపాన్ని పొందింది. ఎన్ని మార్పులు వచ్చినా దాని రణరంగం మాత్రం సమతలంగానే నిలిచింది. 1907లో ఫెర్డినాండ్ మాక్ అనే జర్మన్ వైద్యుడు ఈ హద్దును దాటాలని సంకల్పించాడు. ఆధునిక యుద్ధంలో దాడి ఆకాశం నుంచీ, నీటి అడుగు నుంచీ రాగలదు గనుక, యుద్ధాన్ని పోలిన ఆటకు ఎత్తూ లోతూ ఉండాలని ఆయన వాదన. ఆ ఆట పేరు 'రౌమ్‌షాఖ్'. జర్మన్ భాషలో 'రౌమ్' అంటే స్థలం, అంతరిక్షం; 'షాఖ్' అంటే చదరంగం.

మాక్ మొదట 8 అంతస్తులలో 512 గడులు గల ఘనాన్ని భావించాడు. చిన్న ఘనాలతో ప్రయోగాలు చేసిన మీదట 5 అంతస్తులు, 125 గడులు చాలునని నిశ్చయించాడు. ఈ కుదింపు వెనుక ఒక చక్కని లెక్క కనిపిస్తుంది. సమతల చదరంగంలో నడిమి గడిలోని రాజుకు 8 పొరుగు గడులుంటాయి. ఘనంలో అవి 26. ఇన్ని దారులున్న రాజుకు ఆటకట్టు చెప్పడం దుస్సాధ్యం. 512 గడులలో 216 గడులు ఇటువంటివే. 125 గడులలో అవి 27 మాత్రమే. చిన్న ఘనంలో రాజు తరచుగా అంచుకు చేరక తప్పదు.

ఒక్కొక్క గడిని చిన్న పెట్టెగా ఊహించండి. ఏనుగు ముఖాల గుండా, శకటు అంచుల గుండా సాగుతాయి. మూలల గుండా సాగడానికి మాక్ 'యూనికార్న్' అనే ఒంటికొమ్ము మృగాన్ని సృష్టించాడు. పేరు ఘనమే గాని, ఒక్కొక్క యూనికార్న్ 30 గడులనే చేరగలదు. ఒక పక్షంలోని రెండూ కలిసినా 60 గడులే. పావు నిజమైన బలం దాని పేరులో గాక నడకలో తెలుస్తుంది. 1919లో హాంబర్గు నగరంలో ఈ ఆటకు ఒక సంఘం ఏర్పడి రెండవ ప్రపంచయుద్ధ కాలం దాకా నిలిచింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. 1966లో అమెరికాలో ప్రారంభమైన 'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహికలో వ్యోమనౌకా యాత్రికులు అంతస్తుల చదరంగం ఆడుతూ కనిపిస్తారు. అది చూపు కోసం చేసిన వస్తువే; అప్పటికి దానికి పూర్తి నియమాలు లేవు. ఆ తరువాత అభిమానులు నియమాలు కూర్చారు. 16 గడుల స్థిర ఫలకాలు మూడు, 4 గడుల కదిలే ఫలకాలు నాలుగు. మొత్తం మళ్లీ 64 గడులే!

కనుక కొత్త ఆటను కల్పించడం సగం పని. ఆడి పరీక్షించడం తక్కిన సగం. ఐదు కాగితాలపై ఇరవై ఐదేసి గడులు గీసి, వాటిని అంతస్తులుగా భావించి మీరూ ఆడవచ్చు. ఆట సాగకపోతే ఒకసారికి ఒక్క నియమాన్నే మార్చండి. రెండు మారిస్తే దోషం ఎందులో ఉన్నదో తెలియదు. ఊహ ఎంత ఎత్తుకు ఎగిరినా, దాని విలువను తేల్చేది ఎదుట కూర్చున్న ఆటగాడే.

ప్రశ్నలు
1. ఘనం చిన్నదైతే ఆటకట్టు ఎందుకు సులభమవుతుంది?
2. 'పావు నిజమైన బలం దాని పేరులో గాక నడకలో తెలుస్తుంది' - వివరించండి.