ఈ-ఇంక్ పలక ఎవరి చదువుకు సరిపోతుంది?

2009లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఓ ప్రయోగం చేసింది. ప్రింటవుట్ల వాడకం తగ్గించాలని మూడు కోర్సుల విద్యార్థులకు కిండిల్ డీఎక్స్‌లు ఇచ్చి, కోర్సు మెటీరియల్‌ను వాటిలోనే చదవమంది. 9.7 అంగుళాల ఈ-ఇంక్ తెర ఉన్న ఈ-పుస్తక పరికరం అది. ఆ కోర్సుల్లో ప్రింట్లు దాదాపు సగానికి తగ్గాయి. అయినా విద్యార్థులు పూర్తిగా సంతృప్తి చెందలేదు. ముఖ్యమైన వాక్యాలకు గుర్తు పెట్టుకోవడం, పేజీ పక్కన రాసుకోవడం కష్టంగా ఉందన్నారు. దానికి పెన్ను లేదు మరి! ఏం రాసుకోవాలన్నా తెర కింద ఉన్న చిన్న చిన్న మీటలు నొక్కాల్సిందే.

ఆ లోటు తర్వాత తీరింది. 2013లో సోనీ 13.3 అంగుళాల తెరతో, పెన్నుతో రాసుకునే పరికరాన్ని తెచ్చింది. 2017లో నార్వే సంస్థ తెచ్చిన రీమార్కబుల్, 2022లో అమెజాన్ కిండిల్ స్క్రైబ్ వచ్చాయి. ఆండ్రాయిడ్‌తో పనిచేసే ఓనిక్స్ బూక్స్ మోడళ్లూ ఉన్నాయి. ఇలాంటిది కొనాలనుకునే పోటీపరీక్షల అభ్యర్థి ముందుగా తేల్చుకోవాల్సినవి రెండు: తన ప్రిపరేషన్‌లో పీడీఎఫ్‌లు చదివే సమయమెంత? చేత్తో రాసే సమయమెంత? రెండూ ఎక్కువగా ఉన్నవారికే ఈ ఖర్చు గిట్టుబాటవుతుంది.

తెర వెనుక కథ

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ పరిశోధనల నుంచి 1997లో ఈ-ఇంక్ సంస్థ పుట్టింది. ఈ తెరలో కంటికి కనిపించనంత చిన్న గుళికలుంటాయి. ఒక్కో దాంట్లో వ్యతిరేక విద్యుదావేశాలున్న తెలుపు, నలుపు రేణువులు తేలుతుంటాయి. విద్యుత్ క్షేత్రం దిశను బట్టి ఏదో ఒక రంగు పైకి వస్తుంది. పేజీ మారేటప్పుడే కరెంటు కావాలి, ఒకసారి వచ్చిన అక్షరాలు అలాగే నిలిచిపోతాయి. అందుకే బ్యాటరీ చాలాకాలం వస్తుంది. చుట్టూ ఉన్న వెలుతురే తెరపై పడి కంటికి చేరుతుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం డాబా మీద కూర్చున్నా చక్కగా చదువుకోవచ్చు.

రేణువులు కదలాలి కాబట్టి తెర మారడం నెమ్మదిగా ఉంటుంది. పాత పేజీ నీడ లీలగా మిగిలిపోవడమూ మామూలే. వీడియో పాఠాలకు ఇది పనికిరాదు.

ఎవరికి మేలు?

సివిల్స్, గ్రూప్-1 మెయిన్స్ అభ్యర్థులు చదవాల్సిన వాటిలో చాలా భాగం ఉచిత పీడీఎఫ్‌లే. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, ఆర్థిక సర్వే, బడ్జెట్ పత్రాలు, ఇగ్నో ఈ-జ్ఞాన్‌కోశ్ పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు... అన్నీ ప్రింట్ తీయిస్తే గది నిండిపోతుంది. సీఏ విద్యార్థులకు ఐసీఏఐ స్టడీ మెటీరియల్, న్యాయవిద్యార్థులకు వందల పేజీల సుప్రీంకోర్టు తీర్పులు కూడా పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. వీరందరికీ పెద్ద తెర అక్కరకొస్తుంది.

బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షల సంగతి వేరు. అవి చాలావరకు కంప్యూటర్ మీద రాసే ఆబ్జెక్టివ్ పరీక్షలు. మాక్ టెస్టులకు ల్యాప్‌టాప్, లెక్కలు చేయడానికి తెల్లకాగితాల కట్ట ఉంటే చాలు. గేట్ అభ్యర్థులు కూడా ఎన్‌పీటీఈఎల్ వీడియోల మీదే ఎక్కువగా ఆధారపడితే ఈ పరికరం కోసం తొందరపడక్కర్లేదు.

తెలుగు చదివేవారికి సైజు కీలకం

చాలా పీడీఎఫ్‌లు ఏ4 కొలతలో, అంటే 210×297 మిల్లీమీటర్లలో ఉంటాయి. 10.3 అంగుళాల తెర సుమారు 157×210 మిల్లీమీటర్లే. అందులో పేజీ మొత్తం కనిపించాలంటే అక్షరం 70 శాతానికి కుదించుకుపోతుంది. 11 పాయింట్ల అక్షరం 8 పాయింట్ల లోపుకు పడిపోతుందన్నమాట. ఇంగ్లిష్ అయితే ఎలాగో చదవొచ్చు గానీ, తెలుగులో వత్తులు, గుడులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 13.3 అంగుళాల తెరలో అక్షరం 90 శాతం దాకా నిలుస్తుంది. చిన్న తెరే కొనగలిగినవారు మార్జిన్లు కత్తిరించి గానీ, తెరను అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున గానీ చదువుకోవచ్చు.

మరో చిక్కుంది. అనూ లాంటి పాత ఫాంట్లతో డీటీపీ చేసిన మెటీరియల్‌లోనూ, స్కాన్ చేసిన పుస్తకాల్లోనూ తెలుగు పదం కొట్టి వెతికితే దొరకదు. అలాంటి ప్రతి ఫైలుకూ అభ్యర్థి సొంతంగా విషయసూచిక రాసుకోవాలి. ఏ అంశం ఎన్నో పేజీలో ఉందో ఒక్క పుటలో ఉంటే రివిజన్‌లో ఎంతో సమయం కలిసొస్తుంది.

నోట్సు ఎలా రాయాలి?

ల్యాప్‌టాప్‌లో టైపు చేసే విద్యార్థులు పాఠాన్ని ఉన్నదున్నట్టు దించేస్తారని, చేత్తో రాసేవారు భావాన్ని మెరుగ్గా పట్టుకున్నారని 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ పరిశోధన చెప్పింది. తర్వాత ఇతరులు మళ్లీ పరీక్షించినప్పుడు ఆ తేడా అంత స్పష్టంగా కనిపించలేదు. అంటే చేతిలో పెన్నుంటే సరిపోదు, చదివింది సొంత మాటల్లోకి మారాలి. ఇందుకు కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి బాగా పనికొస్తుంది. పేజీ కుడివైపు నోట్సు, ఎడమవైపు సన్నటి గడిలో ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యాల సారాంశం. రివిజన్‌లో కుడివైపు మూసేసి ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవాలి.

చరిత్ర చదివేవారు ఇంకొక విషయం గమనించాలి. 2019లో మాంగెన్ బృందం ఒకే కథను కొందరితో కిండిల్‌లో, మరికొందరితో పుస్తకంలో చదివించింది. చాలా అంశాల్లో రెండు జట్లూ సమానమే. కానీ ఏ సంఘటన ముందు, ఏది వెనుక అన్న విషయంలో పుస్తకం చదివినవారే మెరుగ్గా చెప్పగలిగారు. కాబట్టి కాలక్రమ పట్టికలను కాగితంపై రాసి గోడకు అంటించుకోవడం మంచిది.

జవాబులు రాసే సాధన మాత్రం పూర్తిగా కాగితం మీదే సాగాలి. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానికి 3 గంటల్లో 20 ప్రశ్నలకు జవాబులు రాయాలి. ఆ వేగం, చేతి ఓర్పు అలవడేది పరీక్షలో వాడే పెన్నుతోనే. తెరమీద తప్పు రాస్తే చెరిపేయొచ్చు, జవాబుపత్రంలో కొట్టివేత అలాగే కనిపిస్తుంది.

కొనే ముందు

పెద్ద తెర మోడళ్ల ధర మామూలు ల్యాప్‌టాప్‌తో పోటీపడుతుంది. ల్యాప్‌టాప్ లేనివారు ముందు అదే కొనుక్కోవాలి. పెన్ను, కవరు పెట్టెలోనే వస్తాయా, అరిగిన పెన్ను మొనలు విడిగా దొరుకుతాయా, వారంటీ మన దేశంలో చెల్లుతుందా, నోట్సు పీడీఎఫ్‌గా బయటికి తీసుకోవచ్చా, క్లౌడ్‌కు నెలనెలా చందా కట్టాలా అన్నవి అడిగి తెలుసుకోవాలి. ఆండ్రాయిడ్ మోడల్ అయితే చదువుకు అవసరమైనవి తప్ప మరే యాప్ వేయకూడదు.

తేల్చుకోలేనివారు ఒక నెలపాటు రోజూ ఎన్ని పీడీఎఫ్ పేజీలు చదివారో, ఎన్ని పేజీలు రాశారో డైరీలో లెక్క పెట్టుకోవాలి. కొన్నవారు తొలిరోజే సిలబస్ అంశాల వారీగా ఫోల్డర్లు చేసుకుని, వారానికోసారి నోట్సు మొత్తాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. పరీక్షకు నెల ముందు పరికరం పాడైనా రివిజన్ ఆగకూడదు కదా.