ఇంటర్వ్యూ గదిలోకి మీ ఊరిని కూడా తీసుకెళ్లండి

ప్రశ్న: బ్యాంకు పీఓ మెయిన్స్ గట్టెక్కాను. వచ్చే నెలలో ఇంటర్వ్యూ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ కెమిస్ట్రీ. నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. కోచింగ్‌లో ఇచ్చిన ప్రశ్నలూ జవాబులూ బట్టీ పడుతున్నాను కానీ, మాక్ ఇంటర్వ్యూలో కూర్చుంటే నోరు పెగలడం లేదు. ఇంగ్లిష్ తడబడుతోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఆ బట్టీ ఆపండమ్మా. బోర్డులో కూర్చునేవాళ్లు పొద్దుట్నుంచీ అవే వాక్యాలు విని ఉంటారు. మీ దగ్గర మాత్రమే దొరికేది మీ దరఖాస్తులో ఉంది. ఊరు, డిగ్రీ, నాన్నగారి వృత్తి చూసే చాలా ప్రశ్నలు పుడతాయి. సిలబస్ అక్కడినుంచి మొదలుపెట్టండి.

కౌలు రైతు కూతురు బ్యాంకు ఉద్యోగానికి వచ్చిందంటే, అడగడానికి వాళ్లకు బోలెడు ఉంటుంది. పాసుపుస్తకం భూమి యజమాని పేరున ఉంటుంది, పెట్టుబడీ నష్టమూ కౌలుదారువి. మరి అప్పు ఎవరికివ్వాలి? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని కింద కౌలుదారుకు ఇచ్చే కార్డు చేతికి రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. ఎందుకు జంకుతారో మీకు నేను చెప్పాలా? తనఖాకు ఏమీ లేనివాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకరికొకరు పూచీగా నిలిచే జాయింట్ లయబిలిటీ గ్రూపుల గురించి చదవండి. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టి, ఆ రసీదు మీద రైతు అప్పెలా తెచ్చుకుంటాడో నాన్నగారిని కూర్చోబెట్టి అడగండి. ఏ గైడులోనూ ఇంత వివరంగా ఉండదు.

ఆ తర్వాత పుస్తకంలోకి రండి. దేశీయ వాణిజ్య బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, అందులో వ్యవసాయానికి 18 శాతం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు లక్ష్యం. మామూలు అప్పు 90 రోజులు బకాయిపడితే మొండి బాకీ. తక్కువ కాలపు పంట రుణానికైతే రెండు పంట కాలాలు ఆగుతారు. ఎందుకా తేడా అని అడిగితే, పంట చేతికొచ్చి అమ్ముడుపోయేదాకా రైతు చేతిలో డబ్బు ఆడదని మీరు మీ ఇంట్లో చూసిందే చెప్పొచ్చు. కెమిస్ట్రీనీ వదలొద్దు. మిర్చికి ఘాటు దేనివల్ల వస్తుందని ఎవరైనా అడిగితే కాప్సైసిన్ అని వెంటనే రావాలి. కెమిస్ట్రీ చదివి బ్యాంకుకెందుకంటే, చిన్నప్పటి కల అనొద్దు. అసలు కారణం ఏదో అదే చెప్పండి.

ఇక ఇంగ్లిష్. పెద్ద వాక్యం మొదలుపెట్టి మధ్యలో చిక్కుకోవడమే మీ ఇబ్బంది అనుకుంటాను. చిన్న వాక్యాలు చాలు. నాన్న మూడెకరాలు కౌలుకు చేస్తారు. భూమి పత్రం ఆయన పేరున లేదు. అందుకే బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. గ్రూపుగా వెళ్తే పుట్టొచ్చు. ఈ నాలుగూ ఇంగ్లిష్‌లో అనుకుని, రోజూ గట్టిగా, పక్కగదిలోకి వినపడేలా చెప్పండి. మనసులో చదువుకుంటే నాలుక తిరగదు. తెలియనిదానికి ‘తెలియదు సార్’ అంటే మార్కులు పోతాయని భయపడకండి, ఊహించి చెప్పి రెండో ప్రశ్నకు దొరికిపోవడమే నష్టం.

లెక్క కూడా చూసుకోండి. ఐబీపీఎస్ పీఓ ఇంటర్వ్యూకు 100 మార్కులు, కనీసం 40 రావాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35. తుది జాబితాలో మెయిన్స్ వాటా 80, ఇంటర్వ్యూది 20. పెద్ద బరువు మీరు ఇప్పటికే మోసేశారు.

ప్రశ్న: 2022లో బీటెక్ అయింది. గ్రూప్స్‌కు చదువుతూ మూడేళ్లు గడిచాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కు వెళ్దామంటే, రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఖాళీ కంటే అదే మేలా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు బాబూ, ఆ గడప తొక్కొద్దు. కంపెనీలు పీఎఫ్ ఖాతా సర్వీసు వివరాలు, ఫామ్ 26ఏఎస్ అడుగుతాయి. పనిచేయని చోట జీతమూ ఉండదు, పన్ను కోతా ఉండదు. చేరాక బయటపడితే ఉద్యోగం పోతుంది, మీరు కట్టిన డబ్బూ తిరిగిరాదు. గ్రూప్స్‌కు చదివానని సూటిగా చెప్పండి, అది సిగ్గుపడే పని కాదు. అయితే ఆ మాటతో ఆగితే సరిపోదు. గత ఆర్నెల్లలో ఏం నేర్చుకున్నారంటారు. ఒక చిన్న ప్రాజెక్టు సొంతంగా కట్టి, అందులో ఏ లైను ఎందుకు రాశారో చెప్పగలిగేలా ఉండండి.

ప్రశ్న: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. బ్యాంకు ఇంటర్వ్యూలో ఇబ్బందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇబ్బందే. ఒరిజినల్స్ చూసేచోటే ఆపేయొచ్చు. ఇప్పుడే ఆధార్ సరిచేయించుకోండి, అది ఆలస్యమైతే నోటరీ అఫిడవిట్ ఒరిజినల్ దగ్గరుంచుకోండి. అక్కడే చూసే ఇంకో కాగితం సంగతీ చెబుతాను. మీరు ఓబీసీ అయితే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి, రాష్ట్ర నమూనాది చెల్లదు. తహసీల్దారు కార్యాలయంలో ఈ వారమే దరఖాస్తు పెట్టండి.