పట్టణ మురుగునీటి సాగు వినియోగం: నంద్యాల, డోన్ నేలలలో పోషకాలు, లవణాల లెక్క

చిన్న దీవులలో మురుగు త్వరగా సముద్రాన్ని చేరుతుంది. అందులోని నత్రజని, భాస్వరం తీరజలాలలో నాచును పెంచి పగడపు దిబ్బలకు హాని చేస్తాయి. సముద్రానికి దూరమైన పట్టణాలలోనూ సమస్య స్వరూపం ఇదే. నంద్యాల కుందూ నది తీరాన ఉంది. కుందూ కడప జిల్లాలో పెన్నాలో కలుస్తుంది. పెన్నా సోమశిల జలాశయం మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. శుద్ధి కాని మురుగును నదిలోకి వదిలితే దాని ప్రభావం మొదట జలాశయంపైన, ఆపైన తీరంపైన పడుతుంది. ఆ పోషకాలను పంటకు అందించడం మేలైన మార్గమే గాని, వాటి వెంట వచ్చే లవణాలను కూడా లెక్కించాలి.

పోషకాలు, లవణాలు

హెక్టారుకు 10 సెం.మీ. లోతు తడి అంటే 10 లక్షల లీటర్ల నీరు. లీటరుకు 40 మి.గ్రా. నత్రజని ఉన్నదనుకుంటే ఒక తడికి 40 కిలోల నత్రజని, అనగా సుమారు 87 కిలోల యూరియా అందినట్లే. అదే నీటి విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసిసీమెన్ అయితే సుమారు 640 కిలోల లవణాలు కూడా చేరతాయి. నాలుగు తడులకు 160 కిలోల నత్రజని, 2,560 కిలోల లవణాలు. నత్రజనిలో కొంత భాగాన్ని పైరు తీసుకుంటుంది. లవణాలలో అధిక భాగం నేలలోనే మిగులుతుంది.

నేలల స్వభావం

నంద్యాల నల్లరేగడి నేలలలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది. సోడియం అధికమైతే బంకమట్టి రేణువులు విడిపోయి, నేల చౌడుబారుతుంది. డోన్ పరిసరాల తేలికపాటి ఎర్రనేలలలో లవణాలు వర్షానికి కిందికి దిగుతాయి. వాటితోపాటు నైట్రేటు కూడా రాతి పగుళ్ల ద్వారా బోరుబావులను చేరవచ్చు. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా. మించరాదు.

విస్తరణ సూచనలు

1. నీటిని స్థిరీకరణ కుంటలలో 8–10 రోజులు నిలిపితే పేగుపురుగుల గుడ్లు అడుగుకు చేరతాయి.
2. పశుగ్రాసం, ప్రత్తి, కలప చెట్లకు ప్రాధాన్యమివ్వాలి. పచ్చిగా తినే ఆకుకూరలకు ఈ నీరు పెట్టరాదు.
3. నీటితో అందిన నత్రజనిని ఎరువుల మోతాదు నుండి తగ్గించాలి. లేనిచో పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, చీడపీడలు అధికమవుతాయి.
4. నల్లరేగడిలో ఏటా నేల పరీక్ష చేయించి, అవసరాన్ని బట్టి జిప్సం వేయాలి; మురుగుకాలువలు తీయాలి.
5. ఎర్రనేలలలో తక్కువ నీటితో ఎక్కువ తడులివ్వాలి. సమీప బావుల నీటిని పరీక్షించాలి.

మురుగునీటిని సిఫారసు చేసేటప్పుడు నత్రజని విలువతోపాటు లవణభారాన్ని కూడా రైతుకు తెలపాలి. నదిని కాపాడే ప్రయత్నంలో నేలను నష్టపోతే ఆ సిఫారసు నిలవదు.