మేక్ లేని చోట మేక్

పాలు తోడుకోవాలంటే చెంచాడు పాత పెరుగు కావాలి. మరి మొట్టమొదటి పెరుగు ఎలా వచ్చింది? కంప్యూటర్ పనిముట్ల గురించి చెప్పేటప్పుడు మేము పిల్లలను ముందు ఈ ప్రశ్నే అడుగుతాం.

మనిషి చదవగలిగేలా రాసిన ప్రోగ్రామును సోర్స్ కోడ్ అంటారు. దాన్ని యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. పెద్ద ప్రోగ్రాములో ఎన్నో ఫైళ్లుంటాయి. వాటిలో ఏవి మారాయో చూసి, అవసరమైన వాటినే మళ్లీ కంపైల్ చేయించే పనిముట్టు ‘మేక్’. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో దీన్ని రాశారు. చిక్కేమిటంటే, ఈ రోజు వాడే గ్నూ మేక్‌ను సోర్స్ నుంచి తయారుచేయడానికి కూడా మామూలుగా మేకే వాడతారు. కంపైలరూ షెల్లూ తప్ప మరేమీ లేని కంప్యూటర్ మీద ఏం చేయాలి?

పెరుగు లేని ఇంట్లో గోరువెచ్చని పాలలో ఎండుమిరపకాయ తొడిమలు వేసి తోడుపెట్టడం మన అమ్మలకు తెలుసు. గ్నూ మేక్ సోర్సులోనూ అలాంటి తొడిమ ఒకటుంది. దాని పేరు ‘బిల్డ్.ఎస్‌హెచ్’, చిన్న షెల్ స్క్రిప్టు. ముందు ‘కాన్ఫిగర్’ నడపాలి. అది ఆ కంప్యూటర్లో ఏమున్నాయో, ఏం లేవో చూసి రాసుకుంటుంది. తర్వాత ‘ఎస్‌హెచ్ బిల్డ్.ఎస్‌హెచ్’ అని కొట్టాలి. అది ఒక్కో ఫైలునూ కంపైల్ చేసి, అన్నింటినీ కలుపుతుంది. మారినవి, మారనివి అన్న విచక్షణ దానికి లేదు. ఒక్కసారి పనికి అక్కర్లేదు కూడా. ఆ ఫోల్డర్లోనే మేక్ పుడుతుంది. ఇక దాన్ని స్థిరపరిచే పని అదే చేసుకుంటుంది: ‘./మేక్ ఇన్‌స్టాల్’. ముందున్న చుక్కా గీతా మరిచిపోకూడదు. అవి లేకపోతే షెల్ ఆ ఫోల్డర్లో వెతకదు, కమాండ్ దొరకలేదంటుంది. పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

తెలివైన పిల్ల ఎవరో ఒకరు వెంటనే అడుగుతారు, మరి కంపైలర్ ఎక్కడిదని. మంచి ప్రశ్న. జీసీసీ అనే కంపైలర్ పాత కంపైలర్‌తో ఒకసారి తయారై, తనతో తానే మరో రెండుసార్లు తయారవుతుంది. రెండో ఫలితం, మూడో ఫలితం ఒకటేనా అని పోల్చి చూస్తారు. అయినా ఆ పాత కంపైలర్‌ను నమ్మాల్సిందే. సోర్సులో కనబడని మోసం కంపైలర్లో దాగి, తరం నుంచి తరానికి పాకగలదని కెన్ థామ్సన్ 1984లోనే చూపించారు.

అందుకే గిక్స్ బృందం మొదటి తోడును ఎంత చిన్నది చేయగలమో చూసింది. 2023లో వారు 357 బైట్ల ప్రోగ్రాముతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా జీసీసీ దాకా వచ్చారు. నడిపించడానికి కెర్నెలూ, ఇంకో సహాయక ప్రోగ్రామూ మాత్రం కావలసి వచ్చాయి. ఆ 357 బైట్లను చేత్తో రాస్తే నోటుబుక్కులో రెండు పేజీలు దాటవు. ఓపికున్నవాళ్లు ఒక్కో బైటూ చదివి చూడవచ్చు.