గోపురమును కట్టుట – గోపురమును కాపాడుట

పాఠ్యభాగములు: 2 రాజులు 12:4–15, లూకా 14:28–30



ఇంగ్లాండు దేశములో బ్రిస్టలు అను రేవుపట్టణమున్నది. ఆ పేరు మన సంఘములలో అనేకులు వినినదే. జార్జి ముల్లరుగారు ప్రార్థనపై ఆధారపడి వేలకొలది అనాథ బిడ్డలను పోషించినది ఆ పట్టణమందే. ఈ నెల పాఠమునకు అక్కడి రాతి గోపురమొకదానిని తీసికొనుచున్నాము. పట్టణములో బ్రాండన్ కొండ అను చిన్న కొండ కలదు. అది ఇప్పుడు ప్రజలందరు తిరుగాడు ఉద్యానవనము. దాని శిఖరముమీద 105 అడుగుల ఎత్తున కాబట్ గోపురము నిలిచియున్నది.

గోపురము కథ

1497లో జాన్ కాబట్ అను ఇటలీ దేశపు నావికుడు మాథ్యూ అను చిన్న ఓడనెక్కి, సుమారు 18 మందితో బ్రిస్టలు రేవునుండి బయలుదేరెను. ఆయన పడమటి మహాసముద్రమును దాటి జూన్ 24న ఉత్తర అమెరికా తీరమును చేరెనని చెప్పుదురు. సరిగా 400 సంవత్సరములు గడచిన పిమ్మట, 1897 జూన్ 24న, ఆ ప్రయాణమునకు జ్ఞాపకార్థముగా ఈ గోపురమునకు పునాదిరాయి వేసిరి. ఆ రాయి వేసిన డఫ్రిన్ ప్రభువు అంతకుముందు 1884 మొదలు 1888 వరకు మన దేశమునకు వైస్రాయిగా నుండెను. ప్రజలు చందాలిచ్చిరి. విలియం వెన్ గఫ్ అను శిల్పి నమూనా గీసెను. ఎఱ్ఱని ఇసుకరాతితో గోడలు లేపి, మీగడ వన్నెగల బాత్ రాతితో అలంకరించిరి. 1898లో పని ముగిసెను. లోపల మెలికలు తిరిగిన ఇరుకైన మెట్లు కలవు. ఎక్కి చూచినవారికి పట్టణమంతయు కనబడును.

1940, 1941 సంవత్సరములలో, రెండవ ప్రపంచయుద్ధ కాలమున, శత్రువిమానములు బ్రిస్టలుమీద బాంబులు కురిపించెను. పట్టణములో అనేక వీధులు నేలమట్టమాయెను. కొండమీది గోపురము మాత్రము నిలిచెను. అయితే 2007లో అధికారులు దాని తలుపు మూసివేయవలసివచ్చెను. అంతస్తులలో పగుళ్లు కనబడెను. కాంక్రీటులో ఇమిడ్చిన ఉక్కు తుప్పుపట్టుటయే అందుకు కారణము. బాగుచేసి మరల తెరచునప్పటికి 2011 ఆగష్టు వచ్చెను. యుద్ధము పడగొట్టని గోపురమును తుప్పు నాలుగేండ్లు మూయించెను!

తుప్పు ఏలాగు పనిచేయును?

కాంక్రీటులోని సున్నపు గుణము ఉక్కును చాలకాలము కాపాడును. చెమ్మయు గాలియు కొంచెము కొంచెముగా లోపలికి చొరబడినప్పుడు ఆ కాపుదల పోవును. అప్పుడు ఉక్కు తుప్పుపట్టును. తుప్పు, తాను తినివేసిన ఉక్కుకంటె ఎక్కువ చోటు కోరును. కావున లోపలనుండి కాంక్రీటును నెట్టి పగులగొట్టును. పగులులో మరింత నీరు దిగును. నీటివలన తుప్పు ఇంకను పెరుగును. బయట చూచువానికి పగులు కనబడునప్పటికి లోపలి పని చాల దూరము సాగియుండును.

వాక్యము నేర్పునది

లూకా 14లో మన ప్రభువు గోపురము కట్టగోరినవానిగూర్చి చెప్పెను. వాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెను. మనము ఈ మాటను కట్టుబడి ముగియువరకే లెక్కయని తలంచుచున్నాము. ఇటుక, సిమెంటు, ఇనుము, కూలి అని వ్రాసికొందుము. ఆ కట్టడమును పదేండ్లకు, ఇరువదియేండ్లకు ఎవరు చూచుకొందురు అని ఎందరము వ్రాసికొంటిమి?

2 రాజులు 12వ అధ్యాయమును శ్రద్ధగా చదువుడి. యోవాషు రాజు మందిరమును బాగుచేయుమని యాజకులకు ఆజ్ఞాపించెను. రూకలు వచ్చుచునేయుండెను. అయినను ఆయన యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను శిథిలమైన స్థలములు అట్లే యుండెను. వారు మందిరమును ద్వేషించినట్లు అక్కడ వ్రాయబడలేదు. పని అందరిదైనందున ఎవరిదియు కాకపోయెను. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టెకు మూతలో బెజ్జము చేసి బలిపీఠమునొద్ద ఉంచెను. ఈ ఏర్పాటులో మూడు సంగతులు గమనించుడి.

1. బాగుచేయు సొమ్ము వేరుగా ఉంచబడెను. ఇతర ఖర్చులలో కలియలేదు.

2. ఆ రూకలతో వెండి పాత్రలు చేయించలేదు (13వ వచనము). కారుచున్న కప్పు క్రింద వెండి గిన్నెలెందుకు?

3. పనివారికిచ్చుటకై రూకలను తీసికొనినవారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదు (15వ వచనము). వడ్రంగులును కాసెపనివారును మందిరసేవలో ఘనులే.

మన గ్రామములలో

ఒకప్పుడు తాటాకు పాకలో కూడుకొనిన సంఘములకు ఇప్పుడు అనేక గ్రామములలో స్లాబు మందిరములున్నవి. కూలిడబ్బులలోనుండి, కోత పండుగ కానుకలలోనుండి మన తల్లిదండ్రులు వాటిని కట్టిరి. శంకుస్థాపననాడు ఊరంతయు వచ్చెను. శిలాఫలకముమీద పేర్లు చెక్కబడెను. పిట్టగోడ సందులో రావిమొక్క మొలచిననాడు దానిని పెరుకుటకు ఎవరు పైకెక్కిరి? ఆ వేరు గోడలోనికి దిగిన తరువాత గొడ్డలికిని లొంగదు.

కాబట్టి సంఘ పెద్దలు ప్రతి సంవత్సరము వానలకు ముందు మందిరముపైకి ఎక్కి చూడవలెను. నీరు పోవు తూములలో ఆకులు నిండియున్న తీసివేయవలెను. స్లాబు అడుగున చెమ్మ మరకలున్నను, పెచ్చులూడి చువ్వలు కనబడుచున్నను, మంచి తాపీమేస్త్రిని పిలిచి చూపవలెను. అంతవరకు ఆ చోటి క్రింద బిడ్డలను కూర్చుండబెట్టరాదు. క్రిస్మసు పండుగకు సున్నము కొట్టి పగులును కప్పివేయుట బాగుచేయుట కాదు. యెహెజ్కేలు 13:10–12లో అట్టి పూతకు వచ్చిన గతి చదువుడి. పండుగనాటి అలంకారమునకు ముందు కప్పునకు కొంత సొమ్ము వేరు పెట్టెలో వేయుదము.

మందిరమునకు చెప్పినది మన హృదయములకును తగును. బాప్తిస్మమునాటి ఆనందము పునాదిరాయి వంటిది. గొప్ప శోధనలో నిలిచినవారు సహితము చిన్న అబద్ధమువలన, తీర్చని పగవలన, మానివేసిన కుటుంబ ప్రార్థనవలన లోలోపల తుప్పుపట్టుదురు. చెమ్మ కనబడిననాడే చూచుకొందము. మూయబడిన గోపురము మరల తెరవబడెను. ఆలస్యమైనను బాగుచేయగోరినవానికి ప్రభువు సహాయము చేయును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన మందిరము పైకప్పును కడపట ఎవరు, ఎప్పుడు ఎక్కి చూచిరి?

2. బాగుచేయుటకు మన సంఘములో వేరు పెట్టె కలదా?

3. నా జీవితములో సున్నము కొట్టి కప్పియుంచిన పగులు ఏది?

మనకు ముందున్నవారు కట్టి అప్పగించినదానిని మన వెనుకవారికి చెడనీయక అప్పగించు కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక.